ఊరు మరిగిన బూట్లు

మా మేడ మూడో అంతస్తులో ఉండే ఔరీనా అక్క పాదం సైజు నలభై మూడు. ఓవియెడో మొత్తంలో అంత పాదం ఉన్న ఆడమనిషి మరొకరు లేరు. మగవాళ్ళకు ఉన్నాయి గానీ, వాటిని ఆవిడంత బాగా వాడినవాడు లేడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ ఈ ఊళ్ళో ఇంటింటికీ ఉత్తరాలు పంచింది. ఆ నడకంతా కలిపితే భూమి చుట్టూ మూడుసార్లు తిరిగినంత. లెక్క వేసింది నేనే. విశ్వవిద్యాలయం నన్ను వదులుకున్నది హాజరు విషయంలో, లెక్కల్లో కాదు.

తమాషా ఏమిటంటే, భూమిని మూడుసార్లు చుట్టిన ఆ మనిషి ఊరి పొలిమేర ఒక్కసారి కూడా దాటలేదు. పడమటి దిక్కున సాన్ లాసరో పేట చివర పచ్చ తలుపు ఇల్లొకటి ఉంది. ఆ ఇంటి ఉత్తరాల పెట్టె ఆవిడ బీటులో ఆఖరిది. అక్కడ మూత ఎత్తడం, ఉత్తరం వేయడం, గిరుక్కున వెనక్కి తిరగడం. ఆ తర్వాత ప్రపంచం ఉందని ఆవిడ వినే ఉంటుంది, కానీ అక్కడివాళ్ళ ఉత్తరాలు వేరేవాళ్ళ పని.

రిటైరైన మర్నాడు పొద్దున ఆవిడ కన్నా ముందు కాళ్ళు నిద్ర లేచాయి. నేను మెట్ల మీద ఎదురయ్యాను కాబట్టి చెబుతున్నాను: ఆవిడ రెప్పలు మూతలు పడుతున్నాయి, కాళ్ళు మాత్రం టకటకా దిగిపోతున్నాయి. భుజాన సంచీ లేదు. ఆ వారమంతా ఊళ్ళో జనం తలుపు చప్పుడు విని తీసి చూస్తే, గుమ్మంలో ఔరీనా ఖాళీ చేతులతో సిగ్గుపడుతూ నిలబడి ఉండేది.

"ఏం తెచ్చావే?" అని అడిగేవాళ్ళు.

"ఏం లేదే. నేనే వచ్చాను," అనేది.

ఊరికే నడిచే ఆ కాళ్ళకు పని దొరికింది పెద్ద చర్చి మెట్ల మీద. సాంతియాగో పెద్ద చర్చికి యాత్రికుల నడక మొదలయ్యేది అక్కణ్ణుంచే. మూడు వందల ఇరవై కిలోమీటర్లు, అందులో సగం కొండలు, మిగతా సగం వాన. నడిచేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో రైలు దిగి, ఒకరోజు ముందే వచ్చి ఊరు చూస్తారు. అందరి కాళ్ళకీ కొత్త బూట్లే. నాలుగు వీధులు తిరిగేసరికి మడమలు బొబ్బలెక్కి, ఆ మెట్ల మీద కూలబడి, మేజోళ్ళు విప్పి, తమ పాదాలను తామే జాలిగా చూసుకుంటూ ఉంటారు. అలా కూర్చున్న ఒక డెన్మార్క్ పెద్దమనిషి ముందు ఔరీనా ఆగింది.

"అవి ఇలా ఇవ్వవయ్యా," అంది. "సాయంత్రం దాకా నేను తొడుక్కుని తిరిగిస్తాను. నువ్వు నేను ఇంట్లో వేసుకునే చెప్పులు తొడుక్కుని హాయిగా ఊరు చూడు."

సాయంత్రానికి ఆ బూట్లు రొట్టెపిండిలా మెత్తబడ్డాయి. అదే ఆవిడ వృత్తి అయిపోయింది. ప్రతిఫలంగా అడిగేది ఒక్కటే: సాంతియాగో చేరాక ఒక పోస్టుకార్డు రాయాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరి ఉత్తరాలూ మోసిన మనిషికి తన పేరు మీద వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నలభై మూడు కన్నా చిన్న సైజు బూట్లొస్తే చేతులకు తొడుక్కుని మెట్ల మీద నడిపించేదని ఊళ్ళో అంటారు. అది నేను చూడలేదు కాబట్టి చెప్పను.

డెన్మార్క్ మనిషి కార్డు రెండు వారాల్లో రావాల్సింది, నెలన్నరకు వచ్చింది. "మొదటి మూడు రోజులూ ఎందుకో మీ ఫొంతాన్ సంతలోనే గడిచిపోయాయి," అని రాశాడు. తర్వాత వచ్చిన కార్డుల్లోనూ అలాంటి మాటలే. మేమందరం నవ్వుకుని, మన ఊరు అంత బాగుంటుంది మరి అనుకున్నాం. ఓవియెడో వాళ్ళం చేసే తప్పు ఇదొక్కటే. ఎవరైనా ఇక్కడి నుంచి కదల్లేకపోతే, దానికి మా ఊరి అందం కాక వేరే కారణం ఉండొచ్చని మాకు చచ్చినా తోచదు.

అసలు కారణం తెలిసింది పొన్సియానో వల్ల.

జూన్ ఆఖర్లో అల్బసేతె నుంచి ఒక పార్సిల్ వచ్చింది. లోపల చెక్కలా బిగుసుకున్న బూట్ల జత, ఒక చీటీ. "అమ్మా, నా ఎడమకాలు రెండు వేళ్ళ మందం పొట్టి. ఇవి డాక్టరు కొలిచి కుట్టించినవి. ఇంకో జత లేదు. జూలై పదిన వస్తాను. అప్పటిదాకా రోజూ తొడగండి. ఇట్లు, పొన్సియానో, కత్తిపిడులు చేసేవాడిని."

అందరి బూట్లూ ఒక్కరోజు తొడిగేది, వీటిని పదకొండు రోజులు తొడిగింది. ఎడమ బూటు అడుగుభాగం మందంగా ఉండటంతో ఆవిడకు ఊరంతా కుడివైపుకు వాలినట్టు కనిపించేది. పెద్ద చర్చి గోపురం ఒరిగిపోతోందని మూడు రోజులు నాతో వాదించింది. నేను ఒప్పుకోలేదు. నాలుగో రోజు నాకూ కొంచెం ఒరిగినట్టే కనిపించింది.

చెప్పినట్టే జూలై పదిన పొన్సియానో వచ్చాడు. అరవై ఆరేళ్ళు, బక్కపలచని మనిషి. బల్లపరుపు నేల మీద పుట్టి పెరిగినవాడు కావడంతో మా వీధి ఏటవాలు చూసి గోడ పట్టుకుని నడిచాడు. ఔరీనా పొయ్యి మీద చిక్కుడు గింజలు, పంది మాంసం కుండలో ఉడుకుతున్నాయి. ఆ వాసనకి నేను అప్పటికే ఆవిడ వంటింట్లో కూర్చుని ఉన్నాను.

"ఇరవై ఐదో తారీఖు మధ్యాహ్నం పన్నెండింటికి నేను సాంతియాగో చర్చి పడమటి తలుపు దగ్గరుండాలమ్మా," అన్నాడు పొన్సియానో, చెంచా పట్టుకోకుండానే.

"పండగ రోజు కదా. ఇసకేస్తే రాలదు," అంది ఔరీనా.

"రాలకపోయినా ఉండాలి. మా తమ్ముడు హిలారియో సెవిల్లె నుంచి నడిచొస్తున్నాడు. మేం మాట్లాడుకుని ఇరవై రెండేళ్ళు."

"ఏం, పొలం తగాదానా?" అన్నాను నేను.

"పొలమైతే కోర్టులో తేలేది బాబూ. మా నాన్న శవపేటిక మోయడం దగ్గర వచ్చింది. ముందువైపు కుడి మూల నేను పట్టుకున్నాను, పెద్దవాణ్ణి కాబట్టి. వాడూ అదే మూల పట్టుకున్నాడు, నాన్న పోయింది వాడింట్లో కాబట్టి. ఇద్దరం వదల్లేదు. ఎడమ మూల పట్టుకునేవాడు లేడు. పేటిక పక్కకి ఒరిగింది. లోపల నాన్న జారిన చప్పుడు ఊరంతా విన్నారు."

ఔరీనా కుండ మీద మూత పెట్టేసింది.

"నీకు అన్న లేడనుకో అన్నాను నేను. నాకెప్పుడున్నాడు గనక అన్నాడు వాడు. అంతే. మొన్న చలికాలంలో మా అక్క పోతూ మా ఇద్దరి చేతా ఒట్టేయించుకుంది. వేరువేరు రోజుల్లోలెండి, ఒకే గదిలో మేం ఉండం కదా. ఇద్దరూ నడిచి వెళ్ళాలి. పన్నెండో గంట కొట్టేలోగా ఒకరితో ఒకరు ఒక్క మాటన్నా మాట్లాడుకోవాలి. అలా జరక్కపోతే మీ దారి మీది, చచ్చాక కూడా నా దగ్గరికి రావద్దంది."

"ముందు ఎవరు మాట్లాడతారు?" అన్నాను.

"వాడు," అన్నాడు పొన్సియానో వెంటనే.

"బస్సులో వెళ్తేనో?"

"నడిచినట్టు దారి పొడుగునా ముద్రలేయించుకున్న కార్డు చూపించమంటాడు. నాకు తెలుసు. నేనైతే అడుగుతాను."

దారి పద్నాలుగు రోజులు. చేతిలో ఉన్నవి పద్నాలుగు రోజులు. మర్నాడు పొద్దున్నే ఆయన తన బూట్లు తొడుక్కుని, "అబ్బ, వెన్నలా ఉన్నాయమ్మా," అని ఔరీనా చేతులు పట్టుకుని, ఏడింటికి బయల్దేరాడు. యాత్రికులకు దారి చూపడానికి రోడ్డులో పొదిగిన ఇత్తడి గవ్వలు చూసుకుంటూ వెళ్ళమని నేను చెప్పాను. గవ్వలు చూసుకుంటూ తాగినవాడు కూడా ఊరు దాటగలడు. నేను దాటాను.

మధ్యాహ్నం మూడింటికి నేను ఫొంతాన్ సంతకి వెళ్ళేసరికి చేపల కొట్టు ముందు నిలబడి, కొట్టు నడిపే నియెవెస్ తన కోడలి మీద చెబుతున్న చాడీలన్నీ వింటున్నాడు పొన్సియానో. మొహం చెమటలు కక్కుతోంది, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

"మీ ఊళ్ళో ఏం జరుగుతోంది బాబూ?" అన్నాడు ఔరీనా వంటింట్లో కుర్చీలో పడి. "గవ్వలు తిన్నగా పొమ్మంటాయి, నేను మోన్ వీధిలో నాలుగో అంతస్తు ఎక్కుతున్నాను. ఎందుకెక్కుతున్నానో నాకు తెలీదు. తలుపు దగ్గర రెండుసార్లు కాలితో తడుతున్నాను. ఎవరో ముసలావిడ తలుపు తీసి, పింఛను కాగితాలొచ్చాయా అంటుంది. రాలేదంటే నన్ను తిడుతుంది!"

ఔరీనా మొహం తెల్లబడింది. "నలుగురు కూతుళ్ళున్నావిడ. అలాగే తిడుతుంది," అంది మెల్లిగా.

"మందుల షాపు దగ్గరికి రాగానే రోడ్డుకి అటు పక్కకి దాటాను. ఎందుకు దాటాను?"

"అక్కడ కుక్కుంటుంది."

"నాకేం కుక్క కనపడలేదే!"

"అది చచ్చిపోయి తొమ్మిదేళ్ళయిందిలెండి. అయినా కుక్క కుక్కే కదా."

"సరే. గాస్కోనా వీధిలో ఒక కొట్టు ముందు కాళ్ళు పాతేసినట్టు ఆగిపోయాయి. పోసేవాడు సీసా నెత్తి మీదికెత్తి, గ్లాసు మోకాలి దగ్గర పెట్టి పోస్తున్నాడు. సగం నా ప్యాంటు మీదే. నురగ చచ్చేలోగా గుక్కలో తాగెయ్యాలన్నాడు. తాగాను. మళ్ళీ పోశాడు. ఆరు తాగానమ్మా! ఆపిల్ సారా నా జన్మలో తాగలేదు."

నేను ఔరీనా వైపు చూశాను. ఆవిడ చూపు తిప్పుకుంది.

"పదకొండున్నరకి ఒక్క గ్లాసు తీసుకునేదాన్ని," అంది.

"ఒక్కటేనా అక్కా?"

"పోసేశాక వద్దంటే ఆ పోసేవాడు ఏమనుకుంటాడ్రా!"

అప్పుడు ముగ్గురం కలిసి నేల మీదున్న ఆ బూట్ల వంక చూశాం. అవి అమాయకంగా ఉన్నాయి. కుడిదాని మొన మాత్రం తలుపు వైపుకు తిరిగి ఉంది.

మర్నాడు, అంటే పన్నెండో తారీఖున, పొన్సియానో పళ్ళు బిగించి బయల్దేరాడు. ఈసారి చేపల కొట్టు దగ్గర చెవులు మూసుకున్నాడు, గాస్కోనా వీధిలో కళ్ళు మూసుకున్నాడు. సాన్ లాసరో దాకా చేరాడు కూడా. సాయంత్రం పచ్చ తలుపు ఇంటి బెనీగ్నమ్మ మా మేడకే వచ్చి ఔరీనాకి ఫిర్యాదు చేసింది.

"ఎవడో కుంటి పెద్దాయన ఇవాళ నా ఇంటికి మూడుసార్లొచ్చాడే. వస్తాడు, నా పెట్టె మూతెత్తుతాడు, లోపలికి తొంగి చూస్తాడు, గిరుక్కున తిరిగి వెళ్ళిపోతాడు. మూడోసారి ఏడుస్తూ చేశాడు. పోలీసులకి చెప్పనా, లేక ఒంటరిగా ఉంటున్నాడా?"

"ఆయన్ని ఏమీ చెయ్యకే," అంది ఔరీనా.

పొన్సియానో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉత్త కాళ్ళతో వెళ్ళరాదా అన్నాను. లేచి, బూట్లు విప్పి, వాకిట్లో నడిచి చూపించాడు. ఎడమకాలు పొట్టి కావడంతో ఎడమవైపుకు గుండ్రంగా తిరిగి, ఇరవై అడుగుల్లో మళ్ళీ నా ముందుకే వచ్చాడు.

"అయిపోయింది బాబూ," అన్నాడు. "పద్నాలుగు రోజుల దారికి ఇక పన్నెండున్నర రోజులే. నేను రాలేకపోయానని వాడనుకోడు. కావాలనే రాలేదనుకుంటాడు. పన్నెండు గంటలూ కొట్టేదాకా లెక్కపెట్టుకుని, నవ్వుకుని వెళ్ళిపోతాడు. వాడి నవ్వు నాకు తెలుసు."

ఔరీనా ఆ మాట విని తన గదిలోకి వెళ్ళి, పాత తపాలా బూట్లు తీసి నూనె రాసింది.

"తప్పు మీ బూట్లది కాదు, నాది," అంది పొద్దున. "నేను ముందు నడుస్తాను. అవి నా వెనకే వస్తాయి. ఈ పొలిమేర దాటించి, దారిలో పెట్టి వచ్చేస్తాను."

నేనూ వెళ్ళాను, ఇలాంటి వాటికి నేను లేకపోతే తర్వాత చెప్పేవాడు ఉండడు. నిజంగానే బూట్లు పెంపుడు బాతుల్లా ఆవిడ మడమల వెనకే నడిచాయి. మెట్లెక్కలేదు, చేపల దగ్గర ఆగలేదు. మందుల షాపు దగ్గర మాత్రం ముగ్గురం రోడ్డు దాటాం. సాన్ లాసరో వచ్చేసరికి నేను సిగరెట్టు వెలిగించుకోవడానికి నాలుగడుగులు వెనకబడ్డాను. తలెత్తి చూస్తే వాళ్ళిద్దరూ ఎదురుగా నా వైపే వస్తున్నారు. చిక్కుడు గింజలు ఎంతసేపు నానాలో ఆవిడ చెబుతోంది, ఆయన తలూపుతున్నాడు. నన్ను దాటి ఊళ్ళోకి నడిచిపోతున్నారు.

"అక్కా, ఎటు?" అని అరిచాను.

"ఎటేమిట్రా, సాంతియాగోకి."

"సాంతియాగో నీ వీపు వెనకాలుంది."

ఔరీనా ఆగి వెనక్కి చూసింది. పచ్చ తలుపు అప్పటికే వంద గజాల దూరంలో ఉంది. తను ఎప్పుడు తిరిగిందో తనకే తెలియదు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తిరిగింది. నాలుగోసారి ఆ పెట్టె పక్క గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మూడుసార్లు భూమిని చుట్టిన మనిషి మొహంలో భయం చూడటం నాకదే మొదలు.

"ఇక్కడి తర్వాత నాకేం పని లేదు కదరా," అంది. "పని లేని చోట కాలెలా వేస్తాను?"

ఆ మాటతో నా బుర్ర వెలిగింది. ఈ ఊళ్ళో ఉన్నవి మూడు మంచి బుర్రలు, మిగతా రెండూ ఎవరివో నాకు తెలియదు. బెనీగ్నమ్మ తలుపు కొట్టి ఒక కవరు, కాగితం, పెన్సిలు అడిగి తెచ్చి పొన్సియానో చేతిలో పెట్టాను.

"మీ తమ్ముడికి ఉత్తరం రాయండి. చేతికే ఇవ్వాలని పైన రాయండి."

"వాడికా? నేనా? ముందు మాట్లాడాల్సింది వాడు!"

"మాట్లాడమనలేదు, రాయమన్నాను."

ఆయన నా మొహం చూశాడు, దారి చూశాడు, కవరు మీద అడ్రసు రాశాడు: హిలారియో, పెద్ద చర్చి పడమటి తలుపు, సాంతియాగో. స్వయంగా చేతికే ఇవ్వవలెను.

ఔరీనా కవరందుకుని తూకం చూసింది. "ఖాళీ కవరు నేను మొయ్యను," అంది.

పొన్సియానో కాగితాన్ని గోడకి ఆనించి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గుడ్డు ఉడికేంతసేపు రాశాడు. నేను రెండు వైపుల నుంచీ ప్రయత్నించినా ఒక్క అక్షరం కనపడలేదు. కవరు అంటించి ఇచ్చాడు. బెనీగ్నమ్మ ఎప్పటిదో క్రిస్మస్ తపాలా బిళ్ళ నాలికతో తడిపి మూలన అతికించింది.

ఆ ఉత్తరం చేతిలో పడగానే ఔరీనా వెన్ను నిటారుగా అయింది. అడ్రసు ఒకసారి పైకి చదువుకుంది. "దూరమే," అని, పచ్చ తలుపు దాటి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేలేమీ కుంగలేదు. బూట్లు ఒక్క క్షణం తటపటాయించి, పొన్సియానోని మోసుకుంటూ ఆవిడ వెనకాల పరిగెత్తాయి. నేను గ్రాదో అనే ఊరి దాకా తోడు వెళ్ళాను. అక్కడ నాకు ఒక భోజనం తగిలింది, ఆగిపోయాను.

ఆ తర్వాతి సంగతులు పొన్సియానో చెప్పిన తీరు ఒకటి, ఔరీనా చెప్పిన తీరు ఒకటి. రెంటిలో ఏది పెద్దదైతే అదే నేను తీసుకున్నాను. ఆవిడ దారి పొడుగునా కనిపించిన ప్రతి గుమ్మం తట్టి, "ఇక్కడ హిలారియో ఎవరైనా ఉన్నారా?" అని అడిగిందట. లేరంటే ఆ ఇంటివాళ్ళ చేతే కార్డు మీద ముద్ర వేయించేదట. కొండ మీద మూడు రోజులు వాన. ఉత్తరం జున్ను చుట్టిన మైనపు కాగితంలో పెట్టి రవికలో దాచుకుంది. పొన్సియానో ప్రతి ఎత్తులోనూ "ఆగండమ్మా, కాస్త కూర్చుందాం," అని బతిమాలేవాడు.

"నేనాగుతాను, ఉత్తరం ఆగదు," అనేది ఆవిడ. ఆవిడ ఆగకపోతే బూట్లూ ఆగవు. పద్నాలుగు రోజుల దారి పన్నెండు రోజుల్లో తెగింది.

ఇరవై ఐదున పదకొండూ యాభైకి వాళ్ళు సాంతియాగో పెద్ద చర్చి ముందు మైదానంలో అడుగుపెట్టారు. జనం ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు ఊపిరి పీలుస్తున్నారు. బాజాలు, జెండాలు, ఏడ్చేవాళ్ళు, బూట్లు విప్పి ముద్దు పెట్టుకునేవాళ్ళు. ఔరీనా పడమటి మెట్లెక్కి గొంతు సవరించుకుంది. వీధిలో నిలబడి ఆరో అంతస్తుకి వినిపించే గొంతది.

"హిలారియో! ఉత్తరం! కిందికి రావాలి!"

 మెట్ల కిందికి నలుగురు హిలారియోలు వచ్చారు. ఒకాయన చేతిలో చంటిపిల్ల కూడా ఉంది.

"ఎవరి దగ్గర గుర్తింపు కార్డుంది?" అంది ఔరీనా.

ముగ్గురు చూపించారు. ముగ్గురి ఇంటిపేరూ పొన్సియానోది కాదు. నాలుగో ఆయన అరవై ఏళ్ళవాడు, ఎండకి మాడి బొగ్గయ్యాడు, గడ్డం ఛాతీ దాకా ఉంది. జేబులు తడుముకున్నాడు.

"సామోరా దగ్గర వాగు దాటుతుంటే పర్సు కొట్టుకుపోయిందమ్మా. నేనే హిలారియోని. కావాలంటే నా నడక కార్డు చూడండి."

"దాని మీద ఫొటో లేదుగా. గడ్డమున్న ప్రతివాడూ హిలారియోనే అంటాడు. మిమ్మల్ని ఎరిగినవాళ్ళెవరైనా ఉంటే చెప్పించండి."

హిలారియో ఆకాశం వైపు చూశాడు. మూడు మెట్ల పైన నిలబడ్డ పొన్సియానో గోపురం వైపు చూశాడు. ఇద్దరి మధ్యా దూరం ఒక చేయి పొడవు. గంట కొట్టడం మొదలైంది.

"మీరు చెప్పలేరా పెద్దమనిషీ?" అంది ఔరీనా పొన్సియానోతో.

"ముందు వాణ్ణి అడగమనండి," అన్నాడు పొన్సియానో.

"ఎవర్ని అడగాలంట?" అన్నాడు హిలారియో, ఆకాశంతో.

మూడో గంట. నాలుగో గంట.

"అయితే చిరునామాదారు దొరకలేదు. ఉత్తరం పంపినచోటికే తిరిగి పోవాలి," అంది ఔరీనా. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఒక్క ఉత్తరం కూడా తప్పుడు చేతికి ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వదు. కవరు రవికలో పెట్టుకుని, గిరుక్కున తిరిగి, ఓవియెడో వైపు నడక మొదలుపెట్టింది.

బూట్లు కూడా గిరుక్కున తిరిగాయి.

పొన్సియానో మెట్లు దిగిపోతున్నాడు. నిలబడదామని వెనక్కి వాలాడు, కాళ్ళు ముందుకే పోతున్నాయి. కొవ్వొత్తుల కొట్టు బల్ల పట్టుకున్నాడు, బల్ల కూడా వచ్చింది. ఆరో గంట. ఏడో గంట. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు, పాపం ఏదో మొక్కు అనుకుని.

"హిలారియో!" అని అరిచాడు చివరికి. "తమ్ముడూ! పట్టుకోరా నన్ను, పోతున్నాను!"

హిలారియో భుజాన ఉన్న సంచీ విసిరేసి పరిగెత్తాడు. వెయ్యి కిలోమీటర్లు నడిచొచ్చిన కాళ్ళవి. కొట్టు బల్లని దూకి, వెనక నుంచి నడుం పట్టుకుని, మడమలు రాళ్ళకి తన్నిపెట్టి నిలిచాడు. బూట్లు రెండు గజాలు ఇద్దర్నీ ఈడ్చి ఆగాయి.

ఔరీనా వెనక్కి వచ్చింది.

"తమ్ముడన్నారు. విన్నాను," అంది. "ఇక్కడ సంతకం పెట్టండి."

"ఈయనెవరో నేనూ చెప్పాలా అమ్మా?" అన్నాడు హిలారియో, రొప్పుతూ.

"అక్కర్లేదు. ఉత్తరం వచ్చింది మీకు."

"అయినా రాసుకోండి. మా అన్న. మొండి వెధవ."

"ఎవర్రా మొండి?" అన్నాడు పొన్సియానో. పన్నెండో గంట ఆ మాట మీదే కొట్టింది.

హిలారియో ఎడమచేత్తో అన్న నడుం పట్టుకునే, కుడిచేత్తో సంతకం పెట్టి, కవరు పళ్ళతో చింపాడు. వాన మైనపు కాగితంలోంచి కూడా దూరింది కాబోలు, లోపలి కాగితం బురదరంగు ముద్దయిపోయి ఉంది.

"ఏం రాశావిందులో?"

"ఇక్కడ చెప్పను. ఎక్కడన్నా కూర్చోబెట్టు."

"నిన్ను వదిల్తే పారిపోయేలా ఉన్నావు, ఎలా కూర్చోబెట్టను?"

ఔరీనా సంతకం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. ఉత్తరం చేరింది, ఇక అక్కడ ఆవిడకి పని లేదు. భోజనానికి కూడా ఆగకుండా ఇంటిదారి పట్టింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా హిలారియో రెండు చేతులా అన్నని కావలించుకుని నిలబడ్డాడట. తిరిగాక కూడా చాలాసేపు వదల్లేదట.

మిగతాదంతా నేను ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. వదల్లేదన్న ఈ ఆఖరి ముక్క మాత్రం ఔరీనా అక్క చెప్పింది. పనైపోయి ఇంటికి మళ్ళాక ఆవిడ వెనక్కి తిరిగి చూసిందంటే నేను నమ్మను.